జపాన్‌లో మెజారిటీ లేని ప్రభుత్వం: ఇషిబా పాలన దేశానికి మేలా, చేటా?

పాతకాపు | 11 సెప్టెంబర్ 2025
మనం ఉంటున్న ఈ జపాన్‌లో ప్రధాని ఇషిబా షిగేరు ఈ నెల 7న రాజీనామా ప్రకటించారు. నిరుడు అక్టోబరులో ఆయన పార్టీ ఎల్‌డీపీకి (లిబరల్ డెమోక్రటిక్ పార్టీ) 191, మిత్రపక్షం కొమెయితోకు 24 సీట్లు వచ్చాయి. దిగువసభలో 233 ఉండాల్సిన చోట 215తో ఇన్నాళ్లు నెట్టుకొచ్చారు. ఈ జూలైలో ఎగువసభ కూడా చేజారింది. బిల్లుకో పార్టీ గడప తొక్కే ప్రభుత్వం ఏ దేశానికైనా చేటే. 1994లో అప్పటి ప్రధాని హతా ప్రభుత్వం ఇలాగే 64 రోజులకు ముగిసింది.

కవాసాకి శ్రీవల్లి
చేటు ఎవరికండీ? మా వారికి క్యాన్సర్ చికిత్స నడుస్తోంది. మా ఆదాయానికి నెలకు దాదాపు 80,100 యెన్లు దాటిన వైద్య ఖర్చును ఆరోగ్య బీమా భరిస్తుంది. ఆ పరిమితిని ఆగస్టు నుంచి 88,200కు పెంచుతామని బడ్జెట్‌లో పెట్టారు. రోగుల సంఘాలు గట్టిగా పోరాడితే మార్చి 7న ఇషిబా ఆపేశారు. సభ గుప్పిట్లో ఉంటే ఆపేవారా? బడ్జెట్ కమిటీ అధ్యక్ష స్థానం 30 ఏళ్ల తర్వాత ప్రతిపక్షానికి, అజుమి జున్‌కు దక్కింది. శాఖల వారీగా ఖర్చులు నిలదీశారు. ఇది నాకు చేటుగా కనిపించడం లేదు.

పాతకాపు
తేదీలు చూడండి. బడ్జెట్ దిగువసభలో మార్చి 4నే నెగ్గింది. హైస్కూలు ఫీజుల మాఫీకి ఒప్పుకొని ప్రతిపక్షంలోని ఇషిన్ పార్టీ ఓట్లు తెచ్చుకున్నారు. పెంపు ఆగింది ఆ తర్వాత, ఎగువసభలో. అక్కడ అప్పటికి అధికార కూటమికి మెజారిటీ ఉంది. మీ ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరుగుతోంది.

కవాసాకి శ్రీవల్లి
ఎగువసభలో మారిన బడ్జెట్ మళ్లీ దిగువసభకే వచ్చి మార్చి 31న గట్టెక్కింది. ప్రస్తుత రాజ్యాంగం వచ్చాక ఇలా జరగడం ఇదే మొదటిసారి. బలం లేదన్న బెరుకు లేకపోతే ఇంత దూరం వచ్చేవారా?

గోదారి గట్టు
మన పీవీ గారు 1993 జూలైలో 265–251తో అవిశ్వాసం నుంచి బయటపడ్డారు. ఎలా బయటపడ్డారన్నది కోర్టుల దాకా వెళ్లింది. జపాన్‌లో బేరం బహిరంగంగానే జరుగుతోంది కదా.

గుంటూరు రవి
పెట్రోలు మాట ఎవరూ ఎత్తరేం? 1974లో తాత్కాలికం అని మొదలుపెట్టిన పన్ను ఇప్పుడు లీటరుకు 25.1 యెన్లు. జూన్‌లో ప్రతిపక్షాలు రద్దు బిల్లును దిగువసభలో నెగ్గించినా ఎగువసభలో ఆగిపోయింది. నేను రోజూ కారులో పనికి వెళ్లేవాణ్ని.

పాతకాపు
ఆ పన్ను పోతే ఏటా దాదాపు లక్ష కోట్ల యెన్లు తగ్గుతాయి. ఎవరు పూడుస్తారు? ఒక పార్టీకి ఫీజుల మాఫీ, ఇంకో పార్టీకి ఆదాయపన్ను మినహాయింపు పరిమితి పెంపు, మరొకరికి పెట్రోలు. ప్రతి ఒక్కరూ తమ వాటా పట్టుకుపోతారు. అప్పు మాత్రం ఎవరి పద్దులోనూ ఉండదు.

కవాసాకి శ్రీవల్లి
మా ఇంటి ఆసుపత్రి బిల్లును కూడా ఆ బేరాల్లో ఒకటిగా లెక్క వేశారా? బీమా సొమ్ము ప్రతి నెలా మా జీతంలోంచే కోస్తున్నారు. మీరు లెక్కల వెనక దాక్కుంటున్నారు. అసలు మీకు భయం దేనికో చెప్పండి.

పాతకాపు
చెబుతాను. పన్నులు కట్టినా మనకు ఇక్కడ ఓటు లేదు. జూలైలో ‘జపనీయులే ముందు’ అన్న సాన్సెయితో పార్టీకి 14 సీట్లు వచ్చాయి. ప్రచారం రోజుల్లో మా స్టేషన్ ముందు ఎవరో మైకులో విదేశీయుల గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొని, ‘నాన్నా, మన గురించేనా?’ అని అడిగింది. సంఖ్య చాలని ప్రభుత్వం రేపు వాళ్ల గడప తొక్కదని మీరు హామీ ఇస్తారా? ఎవరికీ తలవంచనవసరం లేని ప్రభుత్వం ఉండాలని నేను కోరుకునేది అందుకే.

కవాసాకి శ్రీవల్లి
మా బాబు కూడా బడికి వెళ్తున్నాడండీ. ఆ భయం నాకూ ఉంది. కానీ పోలింగ్‌కు ఐదు రోజుల ముందు, జూలై 15న, విదేశీయుల వ్యవహారాలకు కొత్త కార్యాలయం తెరిచింది సాన్సెయితో కాదు, ఇషిబా ప్రభుత్వమే. రేపు పెద్ద మెజారిటీతో వచ్చినవాళ్లే ఆ దారి పడితే సభలో ఆపేవాళ్లే ఉండరు. నాకు అడ్డుకునేవాళ్లు కావాలి.

పాతకాపు
ఆ కార్యాలయం తెరిపించింది కూడా ఓట్లు జారిపోతాయన్న బెంగే. బలం ఉన్నవాళ్లకు ఆ బెంగ ఉండదు. అక్టోబరు 4న ఎల్‌డీపీ కొత్త నాయకుణ్ని ఎన్నుకుంటుంది. ఆ మనిషి ఎవరితో చేతులు కలుపుతారో చూసేదాకా నేను నా మాట మార్చుకోను.