అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో రామప్ప, లక్నవరం, మేడారం – వెళ్లొచ్చాం

హన్మకొండ నుంచి ఒక్కరోజులో ఈ మూడూ అవుతాయా, అమ్మ నడవగలదా అని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. అయ్యాయి.

"పొద్దున్నే రామప్ప, ఆ తర్వాతే మిగతావి" అన్న సలహానే మమ్మల్ని కాపాడింది. గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, చెప్పులు లేకుండా తిరగాలి. ఎండెక్కితే బండలు కాలుతాయి. మెట్ల దగ్గర ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం. పైకెక్కాక అమ్మ కదలనంది! ఎర్రటి ఇసుకరాయి గుడికి ఆనుకుని ఆ నల్లరాతి మదనికలు (నాట్యం చేస్తున్నట్టుండే స్త్రీల శిల్పాలు), ఒక్కొక్కరి మెడలో హారాలు పూస పూసకూ విడిగా కనిపిస్తాయి. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దీనికి గంట సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, రెండు గంటలు పెట్టుకోండి.

లక్నవరం చెరువు మీద వేలాడే వంతెన ఊగుతుంది. అమ్మ పక్కనున్న తీగ పట్టుకుని మెల్లగా దాటింది, పిల్లలు పడవ ఎక్కారు.

పస్రా నుంచి మేడారం దారంతా అడవే. జాతర లేని రోజు కాబట్టి సమ్మక్క-సారలమ్మ గద్దెల దగ్గర ప్రశాంతంగా బెల్లం సమర్పించుకున్నాం.

పెద్ద జీపు కావాలేమో అన్న భయం అక్కర్లేదు, మా చిన్న కారే హాయిగా వెళ్లింది. బొగత జలపాతం మాత్రం కలపకండి. అది వాజేడు దాకా, వానాకాలంలో విడిగా వెళ్లాల్సిందే.