«లియొనార్డో కార్టూన్»ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: లండన్ నేషనల్ గ్యాలరీలో లియొనార్డో డావించి గీసిన మరియమ్మ, బాలయేసు, మరియమ్మ తల్లి అన్నమ్మ, చిన్నారి యోహానుల బొమ్మను «కార్టూన్» అంటారు. అలాగే ఉంచితే పాఠకులు వ్యంగ్యచిత్రం అనుకుంటారేమో. «చిత్తుబొమ్మ» అనొచ్చా?

జవాబు: చిత్తు కాదండీ, చిత్తులన్నీ అయ్యాక గీసేది. ఇటాలియన్‌లో కార్తా అంటే కాగితం, కార్తోనె అంటే పెద్ద కాగితం. గోడ మీదో పలక మీదో వేయబోయే బొమ్మను అదే కొలతలో ముందు దీని మీద గీస్తారు. మీరడిగిందే 8 కాగితాలు అతికించినది, 141.5 × 104.6 సెం.మీ. వ్యంగ్యచిత్రమన్న అర్థం 1843లో పంచ్ అనే ఇంగ్లిషు హాస్యపత్రిక పెట్టింది. లండన్ పార్లమెంటు గోడల కోసం గీసిన కార్టూన్లను అప్పుడు ప్రదర్శనకు పెడితే, వాటిని వెక్కిరిస్తూ తన బొమ్మకూ అదే పేరు తగిలించింది.

మరొకరు: పని తీరు చూస్తే మాట దొరుకుతుంది. గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కాగితాన్ని గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో తడతారు. దీని పేరు స్పోల్వెరో. పోల్వెరె అంటే పొడి. మన మగ్గం వర్క్ వాళ్లు ట్రేసింగ్ పేపర్‌కు చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దడం లాంటిదే. చిల్లులు ఎడంగా పడితే బిడ్డ బుగ్గ గుండ్రం పోయి మూలలు తేలుతుంది. పొడి ఎక్కువైతే మరకే. అసలు కాగితం పాడవకుండా కింద ఇంకో కాగితం పెట్టి రెండింటినీ కలిపి పొడిచి, కిందిదాన్ని గోడకు వాడేవాళ్లు. బ్రిటిష్ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ గీసిన తల్లీబిడ్డల కార్టూన్ మీద ఆ చిల్లులున్నాయి. అందుకే నా ఓటు «మాతృక»కు. మాటలోనే తల్లి ఉంది!

ప్రశ్న అడిగినవారు: బాగుంది. కానీ లియొనార్డో దానికి చిల్లులే లేవుగా?

మొదట జవాబిచ్చినవారు: లేవు, అందుకే నాకు «మాతృక» మీద కాస్త అనుమానం. పైకి చూపుతున్న అన్నమ్మ చెయ్యి ఉత్త గీతల్లోనే ఆగింది. అయితే ఆ కాలపువాళ్లు గీతను వట్టి సన్నాహంగా చూడలేదు. ఇటాలియన్‌లో దిసెన్యో అంటే చేతి గీతా, మనసులోని ఊహా రెండూ. శిల్పం, చిత్రం, వాస్తు మూడింటికీ అదే తండ్రి అన్నాడు కళాకారుల జీవితాలు రాసిన వసారి. చిత్రకారుడు జుక్కారి 1607లో దాన్ని లోపలి దిసెన్యో, బయటి దిసెన్యో అని విడదీసి, లోపలిదాన్ని మనిషిలో దేవుడు పెట్టిన గుర్తుగా చెప్పాడు. అలా చూస్తే బొమ్మ పలక మీదికి ఎక్కకపోయినా కార్టూన్‌కు లోటు లేదు.

మరొకరు: మాతృకకు బిడ్డ లేకపోలేదు లెండి. బెర్నార్దినో లూయీని అనే ఇటలీ చిత్రకారుడు దీన్నే ఆధారం చేసుకుని రంగుల్లో వేశాడు. జోసెఫ్‌ను అదనంగా చేర్చాడు, అంతే.