ఢీకొని బాగైన పాత కారులో ఎయిర్‌బ్యాగులు నిజంగా ఉన్నాయో లేవో తేల్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. అమ్మానాన్నలను, నాలుగేళ్ల పాపను వెంటబెట్టుకుని తరచూ కరీంనగర్ వెళ్లిరావలసి ఉన్నందున, 2018 నాటి పాత కారు ఒకటి చూశాము. బేరం దాదాపు కుదిరాక, అది ఒకసారి ఆగి ఉన్న లారీని ఢీకొట్టిందని, ముందు భాగం బాగుచేయించామని అమ్మేవారే చెప్పారు.

నేను అర్థం చేసుకున్నంతవరకు, ఢీకొన్నప్పుడు బానెట్ భాగం నలుగుతూ దెబ్బ తీవ్రతను కొంత తనలోకి తీసుకుంటుంది. అదే సమయంలో సీటు బెల్టుకుండే ప్రీటెన్షనర్ అనే పరికరం బెల్టును వెనక్కి లాగి బిగిస్తుంది, ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కంటే ముందే విచ్చుకుంటుంది. పేలిన ఎయిర్‌బ్యాగు, పేలిన ప్రీటెన్షనర్ మళ్లీ పనికిరావు, కొత్తవి వేయవలసిందే. నా అనుమానమంతా ఇక్కడే. తాళం తిప్పగానే కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవలసిన ఎయిర్‌బ్యాగు దీపం ఈ కారులో అసలు వెలగడమే లేదు. బల్బు పోయిందని మెకానిక్ తేలికగా అనేశారు కానీ, నాకు నమ్మకం కుదరలేదు.

ఎయిర్‌బ్యాగు స్థానంలో ఖాళీ మూత బిగించి, అది ఉన్నట్టే అనిపించేలా రెసిస్టరు (విద్యుత్ నిరోధకం) పెట్టి కారు కంప్యూటరును ఏమార్చి ఉంటే, ఆ కంప్యూటరులోని లోపాలను చదివే స్కానర్ పరీక్షలో అది బయటపడుతుందా, లేక స్టీరింగ్ విప్పించి చూడవలసిందేనా? నలిగిన చాసిస్ (కారు అడుగు చట్రం) కొసలను వెల్డింగుతో సరిచేసి ఉంటే, అవి మరోసారి మొదటిలాగే నలుగుతాయా? వెనుక సీటు మధ్యలో నడుము బెల్టు మాత్రమే ఉన్నందున, పాప సీటును కిటికీ వైపు భుజం మీదుగా కూడా వచ్చే మూడు కొసల బెల్టుతో కట్టాలనుకుంటున్నాను, అది సరైనదేనా?

ఇలాంటి కారును స్వయంగా విప్పి చూసినవారు చెప్పగలిగితే మరీ మేలు. ఆదివారంలోగా బయానా ఇవ్వాలో మానాలో తేల్చుకోవాలి.