స్టేషన్‌లో కొట్టి ఒప్పించారు, ఇప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలి?

అక్క_అడుగుతోంది:
మా తమ్ముణ్ని దొంగతనం కేసులో అనుమానం మీద తీసుకెళ్లి రెండు రాత్రులు స్టేషన్‌లో ఉంచారు, అరెస్టు మాత్రం మూడో రోజు పొద్దున చూపించారు. అరికాళ్ల మీద కొట్టారండీ. బెయిల్ మీద వచ్చి నాలుగు రోజులైంది, ఇప్పటికీ మడమ ఆనించలేక గోడ పట్టుకుని నడుస్తున్నాడు. తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. జడ్జి గారు "కొట్టారా?" అని అడిగితే, ఎస్సై పక్కనే ఉన్నాడని భయపడి లేదన్నాడు. ఇక అంతా అయిపోయినట్టేనా? నష్టపరిహారం అడగొచ్చా?

జూనియర్_వకీల్:
ఏమీ అయిపోలేదు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23. కానీ ఆ కాగితాల్లో ఒకటి కన్ఫెషన్ పంచనామా (నేరం ఒప్పుకున్నట్టు సాక్షుల ముందు పోలీసులు రాసుకునే కాగితం) అయ్యుంటుంది, అతను చెప్పడం వల్లే ఫలానా వస్తువు దొరికిందని రికవరీ చూపిస్తే ఆ మేరకు చెల్లుతుంది, కాబట్టి మీ లాయర్‌తో కాపీలు తీయించండి. అంతకంటే ముందు ఇవాళే గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్లండి, దెబ్బలు ఎలా తగిలాయో ఉన్నదున్నట్టు చెప్పి రాయించండి. సీసీటీవీ ఫుటేజ్ భద్రపరచమని కోర్టులో పిటిషన్ వేయించండి, 18 నెలలు ఉంచాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పించడానికి కొట్టడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 120 కింద నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అన్నట్టు, ఆ రెండు రాత్రులు స్టేషన్‌కి అన్నం ఎవరు తీసుకెళ్లారు? చట్టం ఒప్పుకునే 24 గంటలు దాటి ఉంచారనడానికి వాళ్లే సాక్షులు.

ఒకప్పటి_ముద్దాయి:
ఎందుకు లేదన్నావని మాత్రం తమ్ముణ్ని అడగకండమ్మా. నేనూ అలాగే అన్నాను. మళ్లీ అదే జీపెక్కాలి కదా అనే భయం తప్ప ఆ క్షణంలో ఇంకేమీ తోచదు. నేను ఊరుకున్నాను, మానవ హక్కుల కమిషన్‌కి ఏడాదిలోపే వెళ్లాలని నాకు ఆలస్యంగా తెలిసింది. మీరు ఆలస్యం చేయకండి.

సివిల్_సైడ్:
పరిహారానికి హైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కులకు భంగం కలిగిందని నేరుగా వేసే పిటిషన్) వేయొచ్చు, సివిల్ దావా వేరే. అక్రమ నిర్బంధానికి దావా అయితే విడుదలైన ఏడాదిలోపు వేయాలి. టైమ్ మాత్రం చాలా పడుతుంది: ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారిని 1994లో అరెస్టు చేస్తే సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది 2018లో, ఆయన సివిల్ దావాలో కేరళ ప్రభుత్వం రాజీపడి 1.3 కోట్లు ఇచ్చింది 2020లో.

అక్క_అడుగుతోంది:
అన్నం తీసుకెళ్లింది మా బాబాయి, సాక్ష్యం చెప్తానన్నాడు. ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరుతున్నాం.