వేసవిలో పాలు తగ్గేది ఎండ దెబ్బకా, మేపు లోపానికా?

దుగ్గిరాల పాడి: రెండు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) సంకరావులున్నాయి. ఉగాదికి పూటకు 9 లీటర్లిచ్చిన ఆవు ఈ రోహిణి కార్తెలో 6 దాటడం లేదు. మధ్యాహ్నమంతా చొంగ కారుస్తూ, రొప్పుతూ నిలబడే ఉంటుంది, పడుకోదు. దాణా సగం తొట్టిలోనే. వెన్న శాతం 3.8 నుంచి 3.1కి పడితే పాల కేంద్రంలో నీళ్లు కలిపానన్నట్టు చూస్తున్నారు. ఎండే కారణమంటే మా బావమరిది నవ్వుతున్నాడు, మేపు సరిగా లేదట.

ముర్రా మావయ్య: మీ బావమరిదిదే రైటు. బెజవాడకు ఎండలు కొత్తా? కాలవలు కట్టేశాక పచ్చిగడ్డి ఉండదు, వట్టి వరిగడ్డి పడేసి పాలు రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తాయి?

కాలవగట్టు: మధ్యాహ్నం నీళ్లు కొట్టండి, అంతే.

పశువైద్యం: రెండూ కలిసే ఉంటాయి మావయ్యా. మేత అరిగేటప్పుడు కడుపులో వేడి పుడుతుంది కాబట్టి ఎండలో ఆవు తనే తిండి తగ్గించుకుంటుంది. కానీ చల్లటి చోట ఉన్న ఆవుకు ఎండలో ఆవు తిన్నంతే మేత పెట్టి చూసిన పరీక్షల్లో పాలు అంతగా పడిపోలేదు. తగ్గిన పాలలో దాదాపు సగమే మేత ఖాతాలోకి వెళ్తాయి. ఇక వెన్న సంగతి: లాలాజలం చొంగగా కారిపోతే కడుపులో పులుపు పెరుగుతుంది, వెన్న దిగుతుంది. మేత పొద్దుగూకాక, తెల్లవారుజామున వేయండి. తొట్టిలో చల్లటి నీళ్లు ఎప్పుడూ ఉండాలి, ఈ కాలంలో పాలావు రోజుకు వంద లీటర్ల దాకా తాగుతుంది.

ముర్రా మావయ్య: ఎండలో కాగిన ఒంటిమీద చన్నీళ్లా? జలుబు చేసి చస్తుంది!

పశువైద్యం: చావదు. ఒళ్లు తడిపి ఫ్యాను వేయాలి. గాలి ఆడని రేకుల షెడ్డులో ఊరికే నీళ్లు చిమ్మితే మాత్రం ఉక్క పెరిగి ఇంకా చేటు. మీ గేదెది నల్లతోలు, చెమట గ్రంథులూ తక్కువే. అందుకే చెరువు వదలదు, వేసవిలో ఎదకొచ్చినా బయటికి కనబడదు.

ముర్రా మావయ్య: నా గేదెల జోలికి రాకు. నీళ్లు కొట్టొద్దన్నాను, అంతే.

తెనాలి చినబాబు: నీళ్ల దగ్గరే తెల్లారేట్టుంది 😄

దుగ్గిరాల పాడి: మావయ్యా, మేపు లోపం అని ఊరికే అనేస్తున్నారు. నేనూ మా ఆవిడా తెల్లవారుజామున నాలుగింటికే లేచి సూపర్ నేపియర్ పచ్చిగడ్డి కోసుకొస్తున్నాం. మా కష్టం మీరేమైనా చూశారా?

ముర్రా మావయ్య: నిన్నెవడన్నాడయ్యా! మావాడూ ఇదే పాట, ఎండ, ఎండ. నా గేదెల్లో కొన్ని అమ్మించి హెచ్‌ఎఫ్ ఆవులు తెచ్చాడు, గుంటూరులో ఉద్యోగమని పోయాడు. ఒక్కనాడు కొడవలి పట్టిన పాపాన పోలేదు. గడ్డి కోసేది మేమిద్దరం ముసలాళ్లం. పాలు తగ్గాయంటే ఫోన్లో "ఎండ నాన్నా, ఏం చేస్తాం" అంటాడు.

పశువైద్యం: అలాగైతే ఒక ఆవును అమ్మేయండి మావయ్యా. మనిషి చాలని చోట ఏ జాతి పశువూ నిలవదు.

ముర్రా మావయ్య: అమ్మితే బ్యాంకు వాయిదా నువ్వు కడతావా?

కాలవగట్టు: ఇంతకీ నీళ్లు కొట్టొచ్చా, వద్దా?