సమస్య: జట్లు నాల్గు సమము జయమొకరికె

ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగో పాదం; ముందు మూడూ కూర్చి పద్యం పూర్తిచేయడమే పూరణ. విషయం బ్రిటిష్ హోమ్ ఛాంపియన్‌షిప్ మాత్రమే: ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్సు, ఐర్లాండు 1884 నుంచి 1984 దాకా ఆడుకున్న ఫుట్‌బాల్ పోటీ. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడేది, మొత్తం 6 మ్యాచ్‌లు. గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1. నాలుగు జట్లూ తలా 3 పాయింట్ల దగ్గర ఆగిన ఏళ్లు రెండు: 1956, 1984. తీర్పు మాత్రం ఒకేలా రాలేదు. సమస్యలోని విరోధం విడేది అక్కడే.

పూరణ 1

మూడు మూడు గాగ ముగిసెను లెక్కలు
గోలు తేడ తోనె గుట్టు తేలె
ఐరులాండు కొక్కటధికమై మిగిలెను
జట్లు నాల్గు సమము జయమొకరికె

*పరిశీలన:* ఆర్యా, చక్కని పూరణ. మూ–ము, గో–గు, ఐ–అ యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) సరిపోయాయి. ఒక్క సవరణ: "తేలె" ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కనుక మూడో పాదాన్ని "నైరులాండు" అని ఎత్తుకోవాలి, లేకుంటే విసంధి, అంటే సంధి చేయని దోషం.

"ఒక్కటధికమై" అన్నది అక్షరాలా నిజం. 1984లో ఐర్లాండు వేసిన గోల్స్ 3, ఇచ్చినవి 2, తేడా +1. వేల్సు 3–3, ఇంగ్లాండు 2–2, స్కాట్లాండు 3–4. ఐర్లాండుకు సొంతూరు బెల్ఫాస్టులో స్కాట్లాండు మీద 2–0 గెలుపు, వెంబ్లీలో ఇంగ్లాండు చేతిలో 0–1 ఓటమి, స్వాన్సీలో వేల్సుతో 1–1. బెల్ఫాస్టులో ఆ రెండో గోలు పడకపోయుంటే తేడా సున్నా అయ్యేది, ఐర్లాండు ఒంటరిగా పైకి వచ్చేది కాదు.

పూరణ 2

యాబదారు నాట నందఱు మూడుగ
నిలువ గోలులెంచి నెగ్గినారు
తెల్ల చొక్కవారు తేడ రెండుగ నిల్చి
జట్లు నాల్గు సమము జయమొకరికె

*పరిశీలన:* గణయతులలో వంక లేదు, ధార చాలా బాగుంది. దోషం చరిత్రలో ఉంది. తెల్ల చొక్కవారు, అంటే ఇంగ్లాండు, తేడా +2 అన్నది సరే (వేసినవి 5, ఇచ్చినవి 3), కానీ ఈ పోటీలో గోలు తేడా లెక్కలోకి వచ్చింది 1978–79 నుంచి. అంతకుముందు పాయింట్లు సమమైతే విజేత పేరును పంచుకోవడమే. 1956లో నలుగురూ విజేతలే. ఆ ఏడాదికి 1984 నిబంధన పెట్టి చూస్తే ఐర్లాండు –2తో అట్టడుగున ఉండేది!

పాదాన్ని కాకువుతో (గొంతు మార్పుతో) ప్రశ్నగా మార్చితే దోషం పోతుంది:

యాబదారు నాట నందఱు మూడుగ
నిలిచి పంచుకొనిరి నెగ్గు పేరు
గోలు తేడ నాడు కొలతకు రాదన్న
జట్లు నాల్గు సమము, జయమొకరికె?

*పూరణకర్త:* ధన్యవాదాలండీ. పట్టిక చూశాను గాని నిబంధన ఏ ఏడు మారిందో చూసుకోలేదు. సవరణను స్వీకరిస్తున్నాను.

పూరణ 3

ఆంగ్ల జట్టుతోడ నైర్లాండు సమవుజ్జి
స్కాట్లాండు తోడ వేల్సు సాటి నిలిచెఁ
గడకు గోలులెంచఁ గప్పు బెల్ఫాస్టుకే
జట్లు నాల్గు సమము జయమొకరికె

*పరిశీలన:* రెండో పాదంలో గణభంగం. "స్కాట్లాండు" గురు గురు లఘువు, అంటే తగణం, ఇంద్రగణం. ఆటవెలది సరిపాదాల్లో అయిదూ సూర్యగణాలే (గురు లఘువు, లేదా మూడు లఘువులు) కావాలి. ఈ పోటీ మీద రాసేవాళ్లందరూ జారేది ఇక్కడే. ఇంగ్లాండు, ఐర్లాండు కూడా తగణాలే, కాబట్టి బేసిపాదాల్లో ఇంద్రగణాలుండే నాలుగో, అయిదో చోటుకే సరిపోతాయి. మొదటి పాదంలో "నైర్లాండు"ను మీరు సరిగ్గా అలాగే కూర్చారు. "వేల్సు" ఒక్కటే హగణం (గురు లఘువు), ఎక్కడైనా ఒదుగుతుంది. మిగతావాటిని విడదీయాలి:

స్కాటులాండు వేల్సు సాటి నిలిచెఁ

"తోడ" తీసేస్తే చాలు, స్కా–సా యతి చెడదు. "గప్పు బెల్ – ఫాస్టుకే" రెండు రగణాలుగా (గురు లఘు గురువు) విరగడం ముచ్చటగా ఉంది. అర్థమూ నిజమే, అదే ఆఖరి పోటీ కావడంతో కప్పు ఐరిష్ ఫుట్‌బాల్ సంఘం దగ్గరే ఉండిపోయింది.

*మరొక సభ్యుడు:* ఐర్లాండు అంటే సరిపోతుందా? 1984లో ఆడింది ఉత్తర ఐర్లాండు కదా. "ఉత్తరైర్లాండు" అనకూడదా?

*జవాబు:* వృద్ధిసంధి సంస్కృత పదాల మధ్యనే. పరభాషా నామంతో కలపడం కుదరదు. "ఉత్తరపు టైరులాండు" అనవచ్చు గాని పాదమంతా దానికే పోతుంది. సంఘం పేరులోనే ఐరిష్ అని ఉంది కనుక పద్యంలో ఐర్లాండు చెల్లుతుంది.