మొదటి క్యాంపెయిన్‌కి ఏ అడ్వెంచర్ మంచిది?

ప్రశ్న: మారతహళ్లిలో ఫ్రెండ్స్‌మి ఐదుగురం ఆదివారాలు డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలో పాత్ర వేసుకుని కథలా ఆడే ఆట) ఆడదామనుకుంటున్నాం, అందరం కొత్తే, డీఎం (కథ చెబుతూ ఆట నడిపించేవాడు) నేను. కథ సొంతంగా అల్లే టైమ్ లేదు, అచ్చయిన అడ్వెంచరే, అంటే రెడీమేడ్ కథ పుస్తకమే కావాలి. కర్స్ ఆఫ్ స్ట్రాడ్ అనే అడ్వెంచర్ తీసుకోమంటున్నారు, మావల్ల అవుతుందంటారా?

జవాబు 1: ముందు లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ ఆడండి బ్రో. కొత్తవాళ్ల కోసం తెచ్చిన 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చింది, పాత్రలు 1 నుంచి 5వ లెవెల్ దాకా ఎదుగుతాయి. దారికి అడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు, వాటికి గుచ్చుకున్న నల్ల ఈకల బాణాలు, పొదల్లో గోబ్లిన్లు (పొట్టి రాక్షసులు), ఇంకేం, ఆట మొదలైపోయినట్టే. ఒక్క జాగ్రత్త: గుహలో క్లార్గ్ అనే బగ్‌బేర్ (గోబ్లిన్ల కంటే భారీ రాక్షసుడు) ఉంటాడు, 1వ లెవెల్ వాళ్లని ఒక్క దెబ్బకే పడగొట్టగలడు, అక్కడ కొంచెం చూసుకుని ఆడించండి.

జవాబు 2: స్ట్రాడ్ అంటే నాకు ప్రాణం, అయినా మొదటిసారికి వద్దనే చెబుతా. ఏ నిధి ఎక్కడుందో టరోకా కార్డులు (జోస్యం చెప్పే పేక ముక్కల్లాంటివి) తీసి తేల్చాలి కాబట్టి ఒక్కో గుంపుకి కథ ఒక్కోలా నడుస్తుంది, అందుకే డీఎం పుస్తకమంతా ముందే చదివి ఉండాలి. ఫాండెల్వర్‌లో చాప్టర్ చాప్టర్‌గా చదువుకుంటూ వెళ్లినా నడిచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ, ఫాండెల్వర్‌తోనే మొదలుపెడతాం.